ప్రాగ్ నుంచి వచ్చిన ఖాళీ సీసా

పోయిన వారం మిమ్మల్ని కెలెటి స్టేషన్‌లో, ప్రాగ్ రైలు ఆగిన ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి వచ్చేశాను. భుజాన సంచీ తగిలించుకుని తక్కువ డబ్బుతో దేశాలు తిరిగే పిల్లలు బుడాపెస్ట్‌లో దిగేది అక్కడే. ‘గది ఉంది’ అని రాసిన అట్ట పట్టుకుని ఎనిమిదేళ్ళుగా వాళ్ళ కోసం నేను నిలబడేదీ అక్కడే. ఆ రోజు మాత్రం అట్ట ఇంట్లో పెట్టి వెళ్ళాను. నా కూతురు ఎమెషె తిరిగి వచ్చే రోజు అది. పందొమ్మిదేళ్ళ పిల్ల. దేశం దాటడం అదే మొదలు. ప్రాగ్‌లో నాలాగే గది అద్దెకిచ్చే విల్మా ఇంట్లో మూడు వారాలుండి వస్తానని వెళ్ళింది. రైలు వచ్చింది. సంచీల పిల్లలందరూ దిగిపోయారు. చివరికి ఒక లావుపాటి పెద్దావిడ కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి మెల్లిగా మెట్లు దిగింది. ఎన్నడూ ఎదురుగా చూడకపోయినా విల్మా అని గుర్తుపట్టాను. ఆవిడ చేతిలో నేను పిల్లతో పంపిన జామ్ సీసా ఉంది. పక్కన నా పిల్ల లేదు.

సీసా ఖాళీగా ఉంది.

దాన్ని చూసి నేనెందుకు అంత భయపడ్డానో తెలియాలంటే సరిహద్దులు తెరిచిన కొత్త రోజులకి వెళ్ళాలి. నేను పనిచేసే బల్బుల ఫ్యాక్టరీ అప్పుడే మూతపడింది. అంతకు ముందు ఏడే మా ఆయన లాయోష్ పోయాడు. మాకున్నది ఒక గది, ఒక వంటిల్లు. గది అతిథులకిచ్చి నేనూ పిల్లా వంటింట్లో మడత మంచం మీద సర్దుకున్నాం. ఆ మొదటి వేసవిలో ఫెర్గల్ అని ఒక ఐర్లండ్ కుర్రాడు దిగాడు. వాడి మెడ నా మణికట్టంత ఉండేది. ఇక్కడి నుంచి ప్రాగ్ వెళ్తానన్నాడు. అక్కడేం తింటాడో, ఏ వంతెన కింద పడుకుంటాడో, ఎవరు కొడతారో అని నాకు ఒకటే బెంగ. వాడు వెళ్ళే పొద్దున ఆప్రికాట్ జామ్ సీసా ఒకటి వాడి సంచీలోకి తోసేశాను.

వాడు ప్రాగ్‌లో దిగింది విల్మా ఇంట్లో. విల్మా పుట్టింది డాన్యూబ్ ఉత్తరపు ఒడ్డున, మా మాటే మాట్లాడే ఊళ్ళో. ప్రాగ్ ట్రాము డ్రైవర్ని చేసుకుని అటు వెళ్ళిపోయింది. ఆ జామ్ వేలితో నాకి, ‘ఇది మనవాళ్ళ చెయ్యి’ అని ఏడ్చిందట. సీసా కడిగి, అడవిలో ఏరి ఎండబెట్టిన పుట్టగొడుగులు నింపి, ఇటు వస్తున్న ఒక ఆస్ట్రేలియా నర్సు చేతికిచ్చి పంపింది.

అలా మొదలైంది. ఇక్కడి నుంచి అటు వెళ్ళేవాళ్ళ సంచీలో జామ్, అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళ సంచీలో పుట్టగొడుగులు. డాక్టరు చదువులు, లాయరు చదువులు చదివే పిల్లలు మా ఇద్దరికీ టపా మోసేవాళ్ళు. ఒకసారి రైల్లో సీసా పగిలి ఒక జర్మనీ అబ్బాయి బట్టలన్నీ జామ్ అయిపోతే, వాడు జిగురు చొక్కానే మడిచి తీసుకెళ్ళి విల్మా చేతిలో పెట్టాడట, ‘ఇది మీదే’ అని. పండగలకి ఫోన్ చేసుకుని ఇద్దరం దాని గురించే నవ్వుకునేవాళ్ళం. ఏం జరిగినా సీసా ఉత్తది మాత్రం రాలేదు. గిన్నె ఉత్తది తిరిగి ఇస్తే ఇంట్లో మనిషి తక్కువవుతారని మా అమ్మ అనేది. ఏమీ లేకపోతే ఉప్పు రాయైనా వేసి ఇచ్చేది.

అందుకే ప్లాట్‌ఫారం మీద నేను ‘ఎమెషె ఏది’ అని అడగలేదు. అడిగితే చెబుతుంది. చెబితే నిజమైపోతుంది.

“గిజెల్లా గారే కదా మీరు,” అంది విల్మా. “అలా నిలబడిపోయారేం. పిల్ల బాగానే ఉంది. ముందు ఇంటికి పదండి, నా పాదాలు పొంగిన రొట్టెల్లా ఉన్నాయి.”

బాగానే ఉన్నారు అని ముందే చెప్పేవాళ్ళని నేను నమ్మను. లాయోష్‌ని ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా నాతో అదే అన్నారు. ‘బాగానే ఉన్నాడు, ముందు మీరు కూర్చోండి.’

దారంతా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. స్టేషన్ నిండా పావురాల రెట్ట ఉందంది. ఫోటోల్లో అది పడదేమోనంది. మా పేట పెద్ద వీధి చూసి, ఇంత వెడల్పు వీధికి ఇంత ఇరుకు కాలిబాట ఎవడు కట్టాడంది. నేను ఆవిడ చేతి సంచీ మోస్తూ పక్కన నడుస్తున్నాను. సంచీ తేలిగ్గా ఉంది. దాని బరువు కూడా నాకు అపశకునంగానే తోచింది. పిల్ల బట్టలు తెచ్చి ఉంటే బరువుండేది కదా అని ఒకసారి, బట్టలు తెచ్చేంత మిగల్లేదేమో అని ఇంకోసారి.

మా ఇంటి వాకిట్లోకి రాగానే ఆవిడ ఒక్క క్షణం ఆగింది. మధ్యలో నాపరాళ్ళ ముంగిలి, చుట్టూ అంతస్తు అంతస్తుకీ ఇనప కమ్మీల వరండా. తల ఎత్తి చూసి, “రెండో అంతస్తు. ఎడమ పక్క మూడో తలుపు. తలుపు కొంచెం పైకెత్తి తోయాలి,” అంది. నా చేతిలో తాళంచెవి తీసుకుని, అలాగే పైకెత్తి తోసి, నాకంటే ముందు నా ఇంట్లోకి వెళ్ళింది. వంటింట్లో నిలబడి వేలు చూపిస్తూ చెప్పింది. “చక్కెర ఆ నీలం డబ్బాలో. ఉప్పు పిడి విరిగిన కప్పులో. ఆ గోడ గడియారం ఎప్పుడూ ఆగే ఉంటుంది, ఎవరు అడిగినా రేపు బాగు చేయిస్తానంటారు.”

“ఎవరు చెప్పారు మీకు?”

“అందరూ చెప్పారు. ఎనిమిదేళ్ళుగా మీ ఇల్లే చెబుతున్నారు. నాకు విసుగొచ్చేది.”

నాకు కూడా ఆవిడ ఇల్లు అంతే తెలుసు. తొమ్మిదో నంబరు ట్రామెక్కి జిజ్కోవ్ పేటలో దిగాలి. ఆకుపచ్చ పలకల మెట్లు, నాలుగో అంతస్తు. పక్కింటివాళ్ళు నీళ్ళు వదిలితే గోడలో గొట్టం ఈల వేస్తుంది. కిటికీ పక్క మంచానికి ఒక కాలు పొట్టి, దాని కింద పాత రేడియో మూత పెట్టి ఉంటుంది. నన్ను కళ్ళకి గుడ్డ కట్టి అక్కడ వదిలినా మంచినీళ్ళు ముంచుకుని తాగగలను. ఆ రోజుల్లో మేం చూసిన లోకమంతా అలాగే చూశాం. ఒకళ్ళ ఇల్లు ఒకళ్ళకి పరాయి పిల్లల నోట వచ్చేది.

కూతురు వస్తుందని పుల్ల చెర్రీ పళ్ళతో చల్లటి సూప్ చేసి ఉంచాను. గిన్నెలో పోసి ఆవిడ ముందు పెట్టాను. ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

“ఇది తిని ఎన్నేళ్ళయిందో. మా ఆయన బతికున్నప్పుడు ఒకసారి చేశాను. పళ్ళరసం గిన్నెలో పోసి సూప్ అంటావేమిటి, దీని తర్వాత కేకు పెట్టి కూర అంటావా అన్నాడు. మళ్ళీ చేయలేదు.” ఇంకొంచెం పోయించుకుంది.

అప్పుడు ఖాళీ సీసా తెచ్చి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాను. “విల్మా గారూ, ఇది ఉత్తది ఎందుకు తెచ్చారు?”

ఆవిడ సీసా వైపు చూసింది, నా వైపు చూసింది.

“అదేమిటి. మనిషే వచ్చినప్పుడు నింపి తెస్తారా ఎవరైనా? నింపి తెస్తే, ఇదిగో మీ బాకీ, ఇంక వెళ్తాను అన్నట్టు కాదూ. ఉత్తది తెస్తేనే మర్యాద. మీరు నింపి ఇచ్చేదాకా మీ ఇంట్లో ఉంటానని. మా ఒడ్డున అంతే.”

“మా ఒడ్డున అలా కాదు,” అన్నాను. “స్టేషన్ నుంచి ఇక్కడి దాకా నేను నా కూతురికి శవపేటిక ఏ కొయ్యతో చేయించాలా అనుకుంటూ నడిచానండీ.”

విల్మా చెంచా పెట్టేసింది. గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. “పిచ్చి తల్లీ. అది పొద్దున మూడు గుడ్లు తిని, నాకు టికెట్ చేతిలో పెట్టి పంపింది. నాకంటే గట్టిగా ఉంది.”

నేను బల్ల అడుగున వేలితో మూడుసార్లు తట్టాను. అలాంటి మాటకి కొయ్య తట్టకపోతే దిష్టి. ఆ తర్వాత కాసేపు ఏడ్చాను. ఆవిడ మిగిలిన సూప్ కూడా వంచుకుంది.

“మరి రాలేదేం?” అని అడిగాను, ముఖం తుడుచుకుని.

“ముందు మీ గది చూపించండి,” అంది.

మాట తప్పిస్తోందని తెలుసు. అయినా చూపించాను. మంచం మీద అరచేత్తో నొక్కి చూసింది. “పేరుకి తగ్గట్టే రాయిలా ఉంది. మీ దగ్గరి నుంచి వచ్చిన పిల్లలు నా ఇంట్లో రెండు రోజులు నడుం పట్టుకుని తిరుగుతారు.”

“మీ దగ్గరి నుంచి వచ్చినవాళ్ళు నా ఇంట్లో రెండు రోజులు తింటూనే ఉంటారు.”

“ప్రాగ్‌లో నీళ్ళ కంటే బీరు చవక. చేతిలో చిల్లర ఉన్నవాడు కూడా రాజే.”

“తెలుసు. ఆ రాజులందరూ నా ఇంట్లో తల పట్టుకుని నీళ్ళు తాగుతుంటారు.”

“మీ ట్రాముల్లో టికెట్లు చూసేవాడు చేతి పట్టీ జేబులో దాచుకుని దొంగలా ఎక్కుతాడట కదా. పాపం పిల్లల్ని పట్టుకోవడానికి.”

“మీ పెద్ద వంతెన మీద మనుషులు ఒకళ్ళ మడమ ఒకళ్ళు తొక్కుకుంటూ నడుస్తారట కదా. మా దగ్గర ఒక టికెట్ కొంటే వేడి నీళ్ళ స్నానశాలలో పొద్దుగూకేదాకా కూర్చోవచ్చు. వాన వచ్చినా, జేబు ఖాళీ అయినా. మీ కోట దగ్గర వాన వస్తే ఏం చేస్తారు?”

“తడుస్తారు,” అంది విల్మా. “ఊరికే తడుస్తారు. డబ్బు అడగం.”

నవ్వు ఆపుకోలేకపోయాను. ఎనిమిదేళ్ళుగా నా వంటింటి బల్ల చుట్టూ కూర్చుని పిల్లలు పడిన తగాదాయే ఇది. ప్రాగ్ చూసి వచ్చినవాళ్ళు ప్రాగ్ అనేవాళ్ళు. ఇక్కడి స్నానశాలల్లో మెడ దాకా వేడి నీళ్ళలో కూర్చుని చదరంగం ఆడే ముసలాళ్ళని చూసొచ్చాక బుడాపెస్ట్ అనేవాళ్ళు. ఎక్కడ రొట్టె చవక, ఎక్కడ పోలీసు మంచివాడు, ఎక్కడ పార్కులో పడుకుంటే లేపరు. ఎమెషె ఇంగ్లీషు నేర్చింది ఆ తగాదాల్లోనే. మడత మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని వినేది. ఒకసారి ఒక స్వీడన్ పిల్ల దాన్ని తీర్పు చెప్పమంది. అప్పటికి దానికి పన్నెండేళ్ళుంటాయేమో. “నేను మా వీధి దాటలేదు. కాబట్టి నాకు పక్షపాతం లేదు. రెండు ఊళ్ళూ గొప్పవే, మీరే సరిగ్గా తిరగడం లేదు,” అంది. ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం గుండెల్లో ముల్లు దిగింది. వీధి దాటని పిల్ల ఎప్పుడో ఒకప్పుడు దాటుతుందని ఆ రోజే తెలిసిపోయింది.

ఇప్పుడు ఆ బల్ల చుట్టూ ఖాళీ కుర్చీలు ఎక్కువయ్యాయి. ఏడాదిగా స్టేషన్‌లో ఒకే రంగు చొక్కాల కుర్రాళ్ళు కొత్త హాస్టళ్ళ కాగితాలు పంచుతున్నారు. ఒక్కో గదిలో మంచం మీద మంచం, పన్నెండు మంది పడుకుంటారట. తలుపుకి తాళంచెవి బదులు అట్టముక్కట. అక్కడ ఉండొచ్చిన ఒక అబ్బాయి నాతో అన్నాడు, పొద్దున లేచి ఏ ఊళ్ళో ఉన్నానో గుర్తు తెచ్చుకోవడానికి కిటికీ దాకా వెళ్ళాల్సి వచ్చిందని.

విల్మా మళ్ళీ వంటింట్లోకి వచ్చి కూర్చుంది. నవ్వు పోయింది.

“గిజెల్లా గారూ, పాలింకా ఉందా ఇంట్లో?”

ఉంది. మా పళ్ళ సారా అది, ఏ ఇంట్లో ఉండదు. సీసా, రెండు చిన్న గ్లాసులు తీశాను.

“మీకంటే పెద్దదాన్ని. అడిగే హక్కు నాది. ఇప్పుడు చెప్పే మాట ‘మీరు’ అంటూ చెప్పడం నా వల్ల కాదు.”

పరాయితనం పోగొట్టుకునే పద్ధతి అది. పెద్దవాళ్ళు అడగాలి, చిన్నవాళ్ళు కాదనకూడదు. మోచేతులు మెలేసుకుని, కళ్ళల్లోకి చూసుకుంటూ ఒక్క గుక్కలో తాగి, బుగ్గలు ముద్దు పెట్టుకున్నాం. ఆ తర్వాత చచ్చేదాకా ‘నువ్వు’. ఎనిమిదేళ్ళ ‘మీరు’ ఒక గుక్కతో పోయింది. ఘాటుకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటుకేనా అంటే చెప్పలేను. ఇలా తాగాక ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడానికి కూడా అడ్డుండదు. ఆవిడకి నా తిట్లు అవసరమయ్యే మాటేదో ఉందన్నమాట.

“గిజీ,” అంది. “నా ఇల్లు పోతోంది.”

“పోవడమేమిటి?”

“సర్కారు ఆ మేడని పాత యజమాని మనవడికి తిరిగిచ్చేసింది. వాడు ఏదో కంపెనీకి అమ్మాడు. వాళ్ళకి హోటల్ కావాలి. అందులో ఉన్నవాళ్ళం అక్కర్లేదు. కొందరికి డబ్బిచ్చి పంపారు, కొందరిని విసిగించి పంపారు. లిఫ్టు ఆపేశారు. మెట్ల దారిలో కిటికీలు ఊడబెరికారు, చలికాలం మంచు లోపలికే పడింది. నాలుగు అంతస్తుల్లో ఇప్పుడు దీపం వెలిగేది నా కిటికీలో ఒక్కదాంట్లోనే.”

“నాకు ఒక్క మాట చెప్పలేదే నువ్వు.”

“ఎలా చెప్పను. నీకు తలనొప్పి అని చెబితేనే ఏ జబ్బో అని వారం రోజులు ఫోన్లు చేస్తావు.”

“సరే. మా పిల్ల సంగతి చెప్పు.”

విల్మా ఖాళీ గ్లాసు బల్ల మీద చుట్టూ తిప్పింది. “లోపల మనిషి ఉంటే వాళ్ళు తాళం ముట్టుకోరు. మనిషి లేకపోతే మార్చేస్తారు. మొదటి అంతస్తు ముసలాయన రొట్టె కొనుక్కుని తిరిగొచ్చేసరికి తలుపుకి కొత్త తాళం వేలాడుతోంది. ఆయన రొట్టె పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. అది చూశాక నేను గడప దాటలేదు. వసంతం నుంచి నేను ఆకాశాన్ని కిటికీలోంచే చూశానే. ఎదురు కొట్టువాడు సరుకు తాడుకి కడితే పైకి లాక్కునేదాన్ని. నీ కూతురు వచ్చి, ‘విల్మా పిన్నీ, నేనుంటాను, మీరు వెళ్ళి తిరిగి రండి’ అంది. ట్రామెక్కి రెండు స్టాపులు వెళ్ళాను. దిగి, బెంచీ మీద కూర్చుని ఏడ్చి, ఇంటికొచ్చేశాను.”

నా బుర్ర మెల్లిగా పనిచేస్తుంది. ఎనిమిది తరగతులు చదివినదాన్ని. కానీ భయం విషయంలో ఎవరికంటే వెనకబడలేదు.

“మనిషి లోపల ఉండాలన్నావు.”

“అన్నాను.”

“నువ్వు ఇక్కడున్నావు.”

“ఉన్నాను.”

“అయితే అక్కడ ఉన్నది…”

“నీ కూతురు,” అంది విల్మా.

ఆ క్షణాన నేనేమన్నానో అన్నీ రాయను. “ఊరుకాని ఊళ్ళో, ఖాళీ మేడలో, నా పిల్లని కాపలా కుక్కలా కట్టేసి వచ్చి, నా వంటింట్లో కూర్చుని రెండుసార్లు సూప్ పోయించుకుంటావా నువ్వు?”

“మూడుసార్లు,” అంది విల్మా. “అదే చెప్పి పంపింది. ‘మా అమ్మ ముందు తిండి పెడుతుంది. పెట్టాక బయటికి గెంటలేదు. కాబట్టి బాగా తినండి’ అంది.”

“దానికి బుద్ధి లేదు. నీకు?”

“నాకుంది కాబట్టే వచ్చాను. చలికాలం అయ్యేదాకా నాతో ఉండిపోతానంది. వచ్చే పిల్లలకి తలుపు తీస్తానంది, గది నడుపుతానంది. పెంచినదాని మాట లేకుండా ఉంచుకోనన్నాను. ఫోన్లో అడుగుతానంది. అది ఫోన్లో అడిగే మాట కాదన్నాను. దాన్నే పంపితే నువ్వు మళ్ళీ పంపవు. అందుకని నేనొచ్చాను. సాయంత్రం రైలుకి వెళ్ళిపోవాలి. అవునో కాదో నా మొహం మీద చెప్పు.”

“దానికెందుకు ఆ ఇంటి మీద అంత ప్రేమ? పుట్టిందా, పెరిగిందా?”

“నేనూ అదే అడిగాను. ఏమందో తెలుసా? ‘మా అమ్మ మంచం గట్టిది, మీ ఇంటికి మెట్లెక్కువ. ఈ రెండూ పోయాక రెండు ఊళ్ళకీ తేడా ఏముంటుంది పిన్నీ’ అంది.”

నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. మడత మంచం మీద మోకాళ్ళు ముడుచుకున్న పన్నెండేళ్ళ పిల్ల కళ్ళ ముందు కదిలింది. దాని నోటి నుంచి రావాల్సిన మాటే అది. అయినా కిటికీలు లేని ఆ మెట్లు, తాళాలు పట్టుకుని ఎక్కే మనుషులు, ఒంటరిగా తలుపు వెనక దాని ఊపిరి, అన్నీ నాకు కనిపిస్తున్నాయి.

“కాదు,” అన్నాను. “రేపటి రైలుకి నా పిల్ల ఇంట్లో ఉండాలి.”

విల్మా తల ఊపింది. కోపం రాలేదు ఆవిడకి. అది నన్ను ఇంకా బాధపెట్టింది. “సరే. ఆ మాట నాతో కాదు, దానితో చెప్పు. రెండుసార్లు మోగనిచ్చి పెట్టెయ్యి. మళ్ళీ చెయ్యి. అలా చేస్తేనే ఎత్తుతుంది, ఎవరో ఏమిటో తెలియదు కదా.”

రెండుసార్లు మోగనిచ్చి పెట్టేశాను. మళ్ళీ చేశాను. వెంటనే ఎత్తారు.

మగ గొంతు. చెక్ భాషలో ఏదో అడిగింది.

నా చేతిలోంచి విల్మా రిసీవర్ లాక్కుంది. వింది. ఒక చిన్న మాట అడిగింది. జవాబు రాలేదనుకుంటా, రిసీవర్‌ని చెవి దగ్గరి నుంచి తీసి దాని వైపే చూసింది. పెట్టేసింది.

“తప్పు నంబరు,” అంది.

ఎనిమిదేళ్ళుగా తెలిసిన నంబరు. నిద్రలో లేపి అడిగినా తిప్పగలను. మళ్ళీ తిప్పాను. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది.

విల్మా ఎక్కే సాయంత్రం రైలే నేనూ ఎక్కాలి, ఇంక వేరే దారి లేదు. పాస్‌పోర్టు అల్మరా అడుగున దుప్పట్ల కింద ఉంది. పోయినేడు ఎమెషెయే తీయించింది, ‘నువ్వెలాగూ ఎక్కడికీ వెళ్ళవు, ఫోటో అయినా బాగుంటుంది, ఉంచుకో అమ్మా’ అని. ఒక నార్వే పిల్ల మర్చిపోయి వెళ్ళిన వీపు సంచీ తీశాను. రొట్టె పెట్టాను. జ్వరం మాత్రలు పెట్టాను. ఎమెషె ఉన్ని స్వెట్టర్ పెట్టాను, ఆ మందపాటిది. జూలై నెలలో అది ఎందుకు పెట్టానో నన్నడగకండి.

ఆ స్టేషన్‌లో ఎన్ని వేలసార్లు నిలబడ్డానో, ఆ రైలు మెట్టు మీద కాలు మాత్రం పెట్టలేదు. పిల్లలు దిగేటప్పుడు వాళ్ళ భుజాల మీదుగా లోపల కొంచెం చీకటి కనిపించేది, అంతే. లోపల సీట్లు ఆకుపచ్చవని నాకు తెలియదు. ఎదురు సీట్లో ఇద్దరు పిల్లలు పటం విప్పుకుని ప్రాగ్‌లో ఎన్నాళ్ళుండాలో వాదించుకుంటున్నారు. మాసిన జుట్టు, ఎండకి తోలు ఊడిన ముక్కులు. వేరే రోజైతే వాళ్ళకి రొట్టె విరిచి పెట్టేదాన్ని. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఊళ్ళో ఇళ్ళు అయిపోయాయి, ఎడమ పక్క నది వచ్చి చేరింది.

సరిహద్దు దగ్గర పాస్‌పోర్టులు చూసి ముద్రలు వేసి వెళ్ళారు. అవతలి ఒడ్డున ఎస్టెర్గోమ్ పెద్ద చర్చి గుమ్మటం ఎండలో కనిపించింది. రైలు ఉత్తరపు ఒడ్డున ఒక స్టేషన్‌లో ఆగింది. విల్మా పుట్టిన ఊరు అది. ఆవిడ కిటికీ వైపు చూడలేదు.

“గిజీ. అది తప్పు నంబరు కాదు.”

“తెలుసు.”

“ఆ గొంతు యరొమీర్‌ది. నా కొడుకు.”

ఆవిడ మంచానికి ఏ కాలు పొట్టిదో నాకు తెలుసు. గోడలో గొట్టం ఎప్పుడు ఈల వేస్తుందో తెలుసు. ఆ ఇంట్లో కొడుకున్నాడని ఎనిమిదేళ్ళలో ఒక్క పిల్లా నాకు చెప్పలేదు.

“వాడు ఇంటికి రాడు,” అంది విల్మా. “వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచీ రాలేదు. వాడిది తాళాల పని. ఇప్పుడు ఆ కంపెనీకి చేస్తున్నాడు. ఆ ముసలాయన తలుపుకి కొత్త తాళం వేసిన చెయ్యి ఎవరిదో ఆ రోజే నాకు తెలుసు.”

రైలు కదిలింది. నేను సంచీని గుండెలకి అదుముకున్నాను. “ఫోన్లో ఏమన్నాడు?”

“తలుపు పగలగొట్టలేదమ్మా అన్నాడు. ఆ పిల్లే తీసింది అన్నాడు. తనేదిరా అని అడిగితే పెట్టేశాడు.”

చెడు ఏదైనా ముందే తలుచుకుని భయపడి పెట్టుకుంటే అది జరగదని నా నమ్మకం. అందుకే ఏదీ వదలను. దొంగలు, నిప్పు, వంతెనలు, నీళ్ళు, కిటికీల్లేని మెట్లు, అన్నిటికీ ఆ మూడు వారాలూ వంతులవారీగా భయపడ్డాను. నా కూతురు తనంతట తానే లేచి వెళ్ళి తలుపు తీస్తుందని మాత్రం ఒక్కసారి కూడా భయపడలేదు.